పడవ ఎక్కించరాదు

"ఆ కాగితం రాసినవారు దాన్ని ఎక్కడ పెట్టి మరిచిపోయి ఉంటారు?"

'జాడ' తెరవగానే తెర మీద కనిపించే మొదటి వాక్యం అది. వెతకవలసిన మాటలు రాసే పెట్టె దాని కింద ఉంటుంది. నా ఆడపడుచు నీరజ అనంతపురంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. జాడ వాళ్ళు తయారుచేసిన సెర్చ్ ఇంజిన్. ఇంకా బయటికి వదలలేదు. గురువారం బడికి సెలవు పెట్టి ఉరవకొండ నుంచి బస్సులో అక్కడికి వెళ్ళాను.

"ఏమన్నా తింటివా వదినా?"

"తిన్నాను."

"అబద్ధం. మా అన్నకు ఫోన్ చేసి అడిగినాలే" అని నీరజ తన టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపింది. "తింటా చెప్పు. మందు పేరేమి?"

"పేరు లేదు. కె-41 అనేవాళ్ళు."

ఆమె టైపు చేయలేదు. ఒక క్షణం నా వైపు చూసింది. ఆ మందు తన్మయికి ఇచ్చినదే అని ఆమెకు తెలుసు.

తన్మయి మా అమ్మాయి. నాలుగో ఏటి నుంచి మూర్ఛలు వచ్చేవి. తొమ్మిదో ఏట జిల్లాలోని ఒక పిల్లల ఆసుపత్రిలో, ఇంకా పరీక్షల్లో ఉన్న ఈ కొత్త మందు మొదలుపెట్టారు. సీసా ఇచ్చి ఇంటికి పంపారు. ఐదో రోజు పొద్దున పోయింది. మూర్ఛ వల్లే పోయిందని, మందుకు సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. పోయిన ఏడాది వర్షాకాలంలో జరిగిన సంగతి.

ఇప్పుడు అదే ఆసుపత్రిలో అదే మందు కీర్తనకు సోమవారం మొదలుపెట్టబోతున్నారు. కీర్తన నా తరగతిలో పిల్ల, దానికీ మూర్ఛలే. వాళ్ళమ్మ ఓబులమ్మ బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీల బండి నడుపుతుంది. ఆమె వచ్చి నన్నొక్కటే అడిగింది: ఇయ్యాలా, వద్దా?

"ఈ మందు మీద ఇంతకుముందే ఎవరో ఒక అధ్యయనం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారట" అన్నాను. "కమిటీ కాగితంలో ఒక్క లైను ఉంది. ఎందుకు ఆపారో లేదు. ఆ నివేదిక కావాలి."

"పత్రికల్లో వెతికినావా?"

"ఎక్కడా లేదు."

"ఉండదు. ఫలితం బాగుంటే అచ్చేస్తారు. ఆగిపోయిన వాటిని బీరువాలో పెడతారు. ఆఫీసు నివేదికలు, పీజీ పిల్లల థీసిస్‌లు, మీటింగు మినిట్సు... అచ్చయినవాటి కంటే అచ్చుకానివే ఎక్కువ వదినా. గ్రే లిటరేచర్ అంటాం మేము. మామూలు సెర్చ్‌కు అవి అందవు. ఎవరూ వాటికి లింకు ఇవ్వరు కదా. జాడ అట్ల కాదు. రాసినోళ్ళ అలవాట్లను బట్టి పోతాది. ఫైలుకు ఏం పేరు పెట్టుంటారు, ఏ కాలేజీ సర్వర్లో ఏ మూల పడేసుంటారు అని."

ఆమె టైపు చేసింది. తెర చాలాసేపు ఖాళీగా ఉంది. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి నల్లటి మాటలు వచ్చాయి. ఒక సెమినారు కార్యక్రమ పట్టికలో నుంచి ఒక శీర్షిక. ఎవరిదో బయోడేటాలో నుంచి ఒక వాక్యం. 'అధ్యయనం గడువుకు ముందే ఆపివేయబడింది' అన్న మాట. వాటి నడుమ తెల్లటి జాగా, పిల్లవాడు వదిలేసిన జవాబు పత్రంలా.

"పత్రం దొరకలేదు. దాని గుర్తులే దొరికినాయి" అంది నీరజ. ఆమె వేలు కొంచెంసేపు ఒక మీట మీద ఆగింది. "ఇది మా కొత్త పని. 'పూరించు' అంటే, దొరికిన గుర్తులను బట్టి నడిమధ్య ఏముండాలో ఊహించి నింపుతాది. దొరికినవి నల్లగా, నింపినవి బూడిదరంగులో. మంగళవారం ఢిల్లీ నుంచి పెద్దోళ్ళు వస్తాండారు దీన్ని చూసేదానికి."

"నమ్మవచ్చా?"

"తెలిసిన పత్రాలు దాచిపెట్టి పరీక్ష చేసినాం. చానా సార్లు సరిగ్గానే నింపింది." ఆమె నొక్కింది. "కానీ నువ్వు నలుపే చదువు వదినా."

నేను రెండూ చదివాను. నివేదిక ఇంగ్లీషులో ఉంది. రెండో పేజీ నడుమ, బూడిదరంగులో: 'ఒక బాలికకు మొదటి వారంలో ఉదయం కుడి చేయి వణికింది. చేతిలోని గ్లాసు జారింది. పిలిస్తే పలికింది. తర్వాత గుండె ఆగిపోయింది. ఈ కారణంగా అధ్యయనం ఆపివేయబడింది.'

ఆ పొద్దున తన్మయి చేతిలోనూ గ్లాసు ఉంది. పిలిస్తే పలికింది.

అంటే వాళ్ళకు ముందే తెలుసు. ఏడాదిగా నేను వెతుకుతున్న వాక్యం అదే. దాని రంగు నాకు గుర్తులేదు.

*

నీరజ ఫోనుకు పంపిన ఫైలును ఉరవకొండ బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో ఇచ్చాను. మొదటి ప్రతి చూసి షాపతను మొహం చిట్లించాడు.

"సగం అక్షరాలు మసగ్గా పడినాయి మేడమ్. డార్క్ పెట్టి తీస్తా ఉండండి."

తీశాడు. చక్కగా వచ్చింది. అన్నీ ఒకే నలుపు. నేను మడిచి సంచిలో పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున ప్రార్థన తర్వాత డ్రిల్లు నాదే. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. పిల్లలకు ఎదురుగా నిలబడి "కుడి చేయి పైకి" అంటూ నా ఎడమ చేయి ఎత్తుతాను. అప్పుడే వాళ్ళు అద్దంలో చూసినట్టు తమ కుడి చేయి ఎత్తుతారు. కొత్తగా వచ్చిన టీచర్లందరూ మొదటి రోజు దీన్ని తప్పు చేసి నవ్వులపాలవుతారు. రెండో వరసలో కీర్తన చేయి ఎత్తలేదు. ఎటో చూస్తూ నిలబడింది. కొన్ని క్షణాలు. తర్వాత ఏమీ జరగనట్టు ఎత్తింది. అలాంటి చిన్న మూర్ఛలు దానికి రోజుకు చాలాసార్లు వస్తాయి.

బడి వదిలాక బండి దగ్గరికి వెళ్ళాను. ఓబులమ్మ చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. కాసేపు తిప్పి చూసి నాకే ఇచ్చింది.

"నాకేం అర్థమైతాది మేడమ్. మీరే సదివి సెప్పండి."

చదివి చెప్పాను. బాలిక దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారకుండా చూసుకున్నాను. బాణలిలో బజ్జీలు మాడుతున్నా ఆమె గమనించలేదు.

"అయితే మన తన్మయమ్మకు ముందే ఇంగో పిల్లకు ఇట్లయింది."

"కాగితంలో అట్లే ఉంది."

"తెలిసీ ఇస్తాండారా వీళ్ళు?" ఆమె జల్లిగరిటె తీసుకుని మాడిన బజ్జీలు పక్కకు తోసింది. "వద్దులే మేడమ్. ఫిట్సు వచ్చినా బిడ్డ నా కండ్ల ముందర ఉంటాది. అది సాలు."

ఇంటికి నడుస్తుంటే చాలా రోజుల తర్వాత తేలికగా అనిపించింది. ఒక పిల్లను కాపాడాననుకున్నాను.

*

శనివారం పొద్దున తొమ్మిది కాకముందే ఓబులమ్మ ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి బండి కింద ఒలికిన నూనె ఇంకా వేడిగానే ఉంది. కీర్తనను ఎదుటి మందుల షాపు అరుగు మీద పడుకోబెట్టారు. ఫిట్సు వచ్చి పొయ్యి వైపు పడింది. బాణలి పక్కకు ఒరిగింది. పాదం మీద కొంచెం చిందింది. అంతే. పక్కబండామె పిల్ల జడ పట్టుకుని లాగిందట.

"ఆయమ్మ లాగకపోయుంటే మొగం మీద పడేది" అంది ఓబులమ్మ. ఏడవడం లేదు. పాదానికి రాసిన మందు మీద విసనకర్రతో విసురుతోంది. "ఆస్పత్రోళ్ళు ఫోన్ చేసినారు మేడమ్. సోమవారం తొమ్మిదికి రాకపోతే ఈ పిల్ల జాగాలో ఇంగో పిల్లను సేర్చుకుంటారంట. నేను రామని సెప్పేసినా. అయినా సోమవారం దాకా సూస్తామన్నారు." కొంచెం ఆగింది. "సరిగ్గానే సెప్పినా కదా?"

విసనకర్ర అందుకుని నేను విసరడం మొదలుపెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ కాగితం మళ్ళీ తీశాను. కీర్తన పాదం చూసినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. జవాబు పత్రాలు దిద్దినట్టు ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో వాక్యం చదివాను. నా భర్త గంగాధర్ ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. ఆ వాక్యం దగ్గర ఆగి పైకి చదివాను.

"కుడి చేయా?" అన్నారు ఆయన, తల ఎత్తకుండా. "ఈ పిల్లకు కుడి అని ఉందా? మనమ్మాయికి ఎడమ."

"లేదు, కుడే. నేను చూశాను కదా."

"విశాలా. అది ఏ చేత్తో తాగేది?"

తన్మయి ఎడమచేతి వాటం పిల్ల. అన్నం తప్ప అన్నీ ఎడమ చేత్తోనే. ఆ రోజు నేను దానికి ఎదురుగా కూర్చున్నాను. వణికింది దాని ఎడమ చేయి. పిల్లల ఎదుట నిలబడి ఇరవై ఏళ్ళుగా ఎడమ చేయి ఎత్తి 'కుడి' అనడమే నాకు అలవాటు. ఆ అలవాటుతోనే పోయిన ఏడాది ఆరోగ్యశాఖ ఫిర్యాదుల సైటులో నేను రాసింది: కుడి చేయి వణికింది. చేతిలోని గ్లాసు జారింది. పిలిస్తే పలికింది.

పెన్ను కింద పెట్టాను.

ఇద్దరు పిల్లలు సరైన జవాబు రాస్తే అది చదువు. ఇద్దరూ ఒకే తప్పు రాస్తే అది కాపీ. ఏ పిల్లవాడు ఎవరిని చూసి రాశాడో నేను ఎప్పుడూ తప్పులను బట్టే పట్టుకుంటాను. ఇది ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ రాసిన వాక్యం కాదు. జాడ నా ఫిర్యాదు చదివింది. ఖాళీ కనిపించిన చోట నా కూతుర్నే పెట్టింది. తెలుగు వాక్యం ఇంగ్లీషులోకి మారి నా దగ్గరికే తిరిగి వచ్చింది. దాన్ని నేను ఓబులమ్మకు చదివి వినిపించాను.

"బండి తియ్యండి. నీరజ దగ్గరికి పోవాలి" అన్నాను.

*

ఆదివారమైనా నీరజ వచ్చి పరిశోధనశాల తెరిచింది. ఫిర్యాదును, నివేదికను పక్కపక్కన పెట్టి చూసింది.

"నువ్వు రాసింది సైటులో అందరికీ కనపడేటట్ల ఉంది. జాడ దాన్ని కూడా ఒక గుర్తు అనుకుంది" అంది. "మేము దాచిపెట్టి పరీక్ష చేసిన పత్రాల్లో ఎవరి బాధా లేదు వదినా. అందుకే పట్టుకోలేకపోయినాం. మంగళవారం దీన్ని నేను చూపించను."

"నిన్ను ఏమైనా అంటారా?"

"అంటారు. అననీ." ఆమె 'పూరించు' మీటను పూర్తిగా ఆపేసింది. తెర మీద బూడిదరంగంతా పోయింది. నాలుగు నల్లటి వాక్యాలు మిగిలాయి. "ఇప్పుడు ఉన్నది ఇంతే."

"వెతకడం అయితే సరిగ్గానే వెతుకుతుంది కదా?"

"ఆ పని బాగా చేస్తాది. మనం సరైన మాట ఇస్తే."

"రేపు తొమ్మిదికి ఆ పిల్ల జాగా పోతుంది నీరజా."

ఆమె మందు నంబరు మార్చి చూసింది. ఏళ్ళు తగ్గించి చూసింది. కాలేజీల సైట్లకే పరిమితం చేసి చూసింది. అవే నాలుగు వాక్యాలు. గంగాధర్ టీ తెచ్చారు. చల్లారిపోయింది.

నేను ఆ మొదటి ప్రశ్నను మళ్ళీ చదివాను. రాసినవారు ఎక్కడ పెట్టి మరిచిపోయి ఉంటారు. డాక్టర్లు ఇంగ్లీషులో రాస్తారు. మరి తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకునే కాగితం? అది తెలుగులో ఉంటుంది. నేనూ పెట్టాను. అందులో ఒక వాక్యం చదివి ఆ రోజు ఆసుపత్రిలో తన్మయి, నేను నవ్వుకున్నాం.

"పడవ" అన్నాను.

"ఏమి?"

"సమ్మతి పత్రంలో ఒక సూచన ఉంది. 'మందు పుచ్చుకొను దినములలో బిడ్డను పడవ ఎక్కించరాదు.' తన్మయి 'అమ్మా, ఉరవకొండలో పడవ ఎక్కడుంటాది, నీళ్ళ ట్యాంకరు ఎక్కొచ్చా?' అని అడిగింది."

నీరజ నవ్వబోయి ఆగిపోయింది.

"ఇక్కడివాళ్ళు రాసిన మాట కాదు అది" అన్నాను. "ఎక్కడిదో తెచ్చి, చదవకుండా దించుకున్నారు. పడవలో ఆసుపత్రికి వచ్చే ఊళ్ళలో రాసుంటారు. ముందు అధ్యయనం అక్కడిదే అయి ఉంటుంది."

ఆమె ఆ వాక్యాన్ని తెలుగులో, కొటేషన్ల మధ్య పెట్టింది. "ఇట్ల పెడితే ఇవే మాటలు ఇదే వరసలో ఉన్నవే వస్తాయి."

ఏమీ రాలేదు.

"పాత స్కానింగు అయితే అక్షరాలు అన్నీ సరిగ్గా దొరకవు. పొట్టిగా చేద్దాం." 'పడవ ఎక్కించరాదు' మాత్రం ఉంచింది. వందల కొద్దీ వచ్చాయి. రేవుల దగ్గర నోటీసులు, వరద హెచ్చరికలు, పశువులను పడవ ఎక్కించరాదన్న పంచాయతీ తీర్మానం. ఆమె 'మూర్ఛ' అన్న మాట చేర్చింది. పీడీఎఫ్‌లు మాత్రమే చూపమంది.

ఒక్కటి మిగిలింది.

అది గోదావరి లంకల వైపు ఒక బోధనాసుపత్రిలో పీజీ విద్యార్థిని రాసిన థీసిస్. లైబ్రరీ సర్వర్లో, 'స్కాన్ కొత్తది' అనే ఫోల్డరులో ఉంది. చివరి అనుబంధంలో సమ్మతి పత్రం, వంకరగా స్కాన్ చేసినది. మొత్తం నలుపే. మందు అదే; కె-41 అని చేత్తో రాసి ఉంది. మేం ముగ్గురం ఒకే తెర ముందు తలలు ఆనించి చదివాం.

ఆమె మందు ఇచ్చిన పిల్లల్లో ఎవరూ చనిపోలేదు. చాలామందికి మూర్ఛలు బాగా తగ్గాయి. అయితే ముగ్గురికి మొదటి వారంలో గుండె వేగం పడిపోయింది. వార్డులో ఉంచి గుండెకు మానిటరు పెట్టారు కాబట్టి తెలిసింది. మోతాదు సగం చేస్తే కోలుకున్నారు. 'మొదటి వారము బిడ్డను ఇంటికి పంపరాదు' అని ఆమె రాసింది, కింద గీత కూడా గీసింది. ఆ తర్వాత గోదావరికి వరద వచ్చి వార్డు ఖాళీ చేయించారు. అధ్యయనం ఆగిపోయింది. ఆపడానికి కారణం వరద. ఇంకేమీ కాదు.

గంగాధర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

ఎవరూ ఏదీ దాచలేదు. ఒకామె జాగ్రత్తగా గమనించి, జాగ్రత్తగా రాసింది. దాన్ని ఎవరూ చదవలేదు. ఆమె కాగితాల్లో నుంచి పడవను మాత్రం దించుకున్నారు. గీత గీసిన వాక్యాన్ని వదిలేశారు. ఏడాదిగా ఎవరి మీదో పెట్టుకున్న కోపం నాకు అప్పుడు అవసరమైంది. అది కనిపించలేదు.

"వదినా" అంది నీరజ.

"ప్రింటు తియ్యి" అన్నాను. "ఓబులమ్మకు ఫోన్ చేయాలి."

*

ఓబులమ్మ నా మాట చివరిదాకా విన్నది.

"అంటే మొన్న సదివింది ఆ పిల్ల కత కాదు. తన్మయమ్మదే."

"అవును. తెలియక చదివాను. తప్పు నాదే."

ఫోనులో కొంతసేపు బస్సుల చప్పుడు వినిపించింది.

"మీరైతే ఏం జేస్తారు మేడమ్? ఇప్పుడు, ఈ కాగితం సేతిలో ఉంటే?"

"మందు ఇప్పిస్తాను. వార్డులో ఉంచి, గుండెకు మిషను పెడితేనే."

"మీరూ వస్తారా?"

"వస్తాను."

సోమవారం ఆసుపత్రిలో డాక్టరుగారు థీసిస్‌ను నిలబడే చదవడం మొదలుపెట్టారు. కొంచెంసేపటికి కూర్చున్నారు. గీత గీసిన వాక్యం దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇది మాకు ఎవరూ ఇవ్వలేదండి" అన్నారు.

"ఎవరినీ అడగలేదు కదా సార్" అన్నాను. గట్టిగా అనలేదు.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "పడవ అని ఎందుకు రాసుందో ఎప్పుడూ ఆలోచించలేదు." తర్వాత నర్సును పిలిచి మంచం సిద్ధం చేయమన్నారు. ఇదివరకే సీసాలిచ్చి ఇళ్ళకు పంపిన పిల్లలందరినీ వెంటనే పిలిపించమని ఇంకొకరికి చెప్పారు.

ఆ వారమంతా బడి అయ్యాక బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు. కీర్తన గుండెకు అంటించిన తీగలను చూపించి "నన్ను చార్జింగు పెట్టినారు మేడమ్" అంది. బుధవారం సాయంత్రం అది బొమ్మకు రంగులు వేస్తూ ఉండగానే మానిటరు మోగింది. అంకె పడిపోతూ ఉంది. పిల్లకు ఏమీ తెలియలేదు. ఆకుపచ్చ కావాలని అడుగుతోంది. ఓబులమ్మ లేచి నిలబడి నా భుజం పట్టుకుంది. నర్సులు పరుగున వచ్చారు. ఒకామె సూది వేసింది. డాక్టరుగారు వచ్చి మంచం పక్కనే నిలబడ్డారు. అంకె కాసేపు అక్కడే ఉండి, తర్వాత మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది.

"రేపటి నుంచి సగం మోతాదు" అన్నారు ఆయన, చెమట తుడుచుకుంటూ.

ఓబులమ్మ చేయి నా భుజం మీద నుంచి తీయలేదు. కీర్తనకు ఆకుపచ్చ పెన్సిలు అందించి నేను వరండాలోకి వచ్చాను. ఆ మోత ఇంకా చెవిలో ఉంది. మా ఇంట్లో ఆ రోజు ఏదీ మోగలేదు.

బెంచీ మీద కూర్చుని ఫోనులో ఫిర్యాదుల సైటు తెరిచాను. నా ఫిర్యాదు ఏడాదిగా ఉన్నచోటే ఉంది. ఇక ముందు ఎవరు వెతికినా, ఏ యంత్రం చదివినా దానికి ఇదే దొరుకుతుంది. 'కుడి చేయి' అన్నది కొట్టేసి 'ఎడమ చేయి' అని రాశాను.

మార్పుకు కారణం రాయమని సైటు అడిగింది.

'ఎదురుగా కూర్చుని చూశాను' అని రాశాను.